ఓడిన పేటలోనే మళ్లీ తలుపు తట్టారు
స్వలింగ ప్రేమికుల హక్కుల కోసం ఇల్లిల్లూ తిరిగిన కుర్రకారు తర్ఫీదు కథ

ఎన్నికల్లో ఓడినవాళ్లు సాధారణంగా ఏం చేస్తారు? నాలుగు రోజులు మొహం చాటేస్తారు. డబ్బు పంచి గెలిచారని ఎదుటి పక్షాన్ని తిడతారు. తమకు ఓటు వేయని వీధివైపు మళ్లీ తొంగి చూడరు. గెలిచినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, ఏరు దాటాక తెప్ప తగలేసే బాపతు.

అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో కొందరు యువతీ యువకులు ఇందుకు పూర్తి భిన్నంగా నడిచారు. తమకు వ్యతిరేకంగా ఎక్కువ ఓట్లు పడిన పేటలు ఏవో లెక్క తీశారు. ఆ పేటలకే వెళ్లారు. ఇంటింటి తలుపూ తట్టి, మీరు ఎందుకు అలా ఓటు వేశారో చెబుతారా అని అడిగారు. దెబ్బలాటకు కాదు, తెలుసుకోవడానికి. 2009లో మొదలైన ఈ పని ఏళ్ల తరబడి సాగింది. ఎన్నికల ప్రచారం ఎలా చేయాలో కొత్తవాళ్లకు నేర్పే బడిగా మారింది.

వీళ్లు ఏ పార్టీ అభ్యర్థి కోసమూ తిరగలేదు. మగవాడు మగవాడిని, ఆడది ఆడదాన్ని ప్రేమించి కలిసి బతికితే వారికీ అందరితోపాటు సమాన హక్కులు ఉండాలన్నది వీరి కోరిక. పుట్టుకతో ఆడో మగో అని రాయించుకున్నా, తమ మనసు అది కాదని గుర్తించి వేరుగా బతికే ట్రాన్స్‌జెండర్ల హక్కులు కూడా ఇందులో భాగమే.

అసలు ఓటు దేనిమీద?

మన జిల్లాల నుంచి వెళ్లిన ఇంజనీర్లు ఎందరో కాపురముంటున్న కాలిఫోర్నియా రాష్ట్రంలో ఒక పద్ధతి ఉంది. అక్కడి ఓటర్లు నాయకులను ఎన్నుకోవడమే కాదు, కొన్ని చట్టాల మీద కూడా నేరుగా ఓటు వేస్తారు. తగినన్ని సంతకాలు సేకరించి ఒక ప్రతిపాదన తెస్తే, దానికి ఒక అంకె వేసి బ్యాలెట్‌లో పెడతారు. ఔను అనేవారు ఎక్కువైతే అదే చట్టం.

2008 మే నెలలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు స్వలింగ జంటలు పెళ్లి చేసుకోవచ్చని తీర్పు చెప్పింది. జూన్ నుంచి పెళ్లిళ్లు మొదలై, సుమారు 18 వేల జంటలు ఒక్కటయ్యాయి. ఇది గిట్టనివారు 8వ నంబరు ప్రతిపాదన తెచ్చారు. పెళ్లి అంటే ఒక స్త్రీకి, ఒక పురుషుడికి మధ్య జరిగేదేనని రాష్ట్ర రాజ్యాంగంలో రాయాలన్నది దాని సారాంశం. రెండు పక్షాలూ కలిపి 8 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టాయి. నవంబరు 4న, ఒబామా అధ్యక్షుడిగా గెలిచిన రోజునే, ఆ ప్రతిపాదన కూడా 52 శాతం ఓట్లతో నెగ్గింది. కొత్త పెళ్లిళ్లు ఆగిపోయాయి.

ఒబామా గెలుపుకు వీధుల్లో బాణసంచా కాలుస్తుంటే, అదే వీధుల్లో కొన్ని ఇళ్లలో ఏడుపులు.

ఓటమికి కారణం వెతికినవారిలో డేవ్ ఫ్లైషర్ ఒకరు. ప్రచారాల నిర్వహణలో దశాబ్దాల అనుభవం ఉన్న మనిషి. 2010లో ఆయన వెలువరించిన నివేదికలో తేల్చిన సంగతి ఇది: చివరి వారాల్లో ఎదుటి పక్షం టీవీలో ఒక ప్రకటన వేసింది. చిన్న పిల్ల బడి నుంచి వచ్చి, రాకుమారుడు రాకుమారుణ్ణి పెళ్లాడవచ్చని ఈవేళ నేర్చుకున్నానని తల్లితో చెబుతుంది. అంతే. ఇంట్లో పసిపిల్లలున్న తల్లిదండ్రులు బెదిరిపోయి అటువైపు మొగ్గారు. సమానత్వం కోరిన పక్షం మాత్రం తన ప్రకటనల్లో స్వలింగ జంటలను చూపడానికే వెనకాడింది. ఎవరి గురించి ఓటు అడుగుతున్నారో వారినే దాచిపెట్టి ఓటు అడిగితే జనం నమ్ముతారా? మన ఊళ్లో పెళ్లిచూపులకు వెళ్లి పిల్లను చూపించకపోతే ఏమనుకుంటారో వాళ్లూ అదే అనుకుని ఉండాలి.

శనివారం పొద్దున బడి

లాస్ ఏంజెలెస్‌లోని స్వలింగ ప్రేమికుల కేంద్రం ఆధ్వర్యంలో ఫ్లైషర్ 'లీడర్‌షిప్ ల్యాబ్' అనే విభాగాన్ని నడిపారు. వచ్చేవారిలో కాలేజీ విద్యార్థులు, చిన్న ఉద్యోగాల్లో ఉన్న కుర్రవాళ్లు, ఆడపిల్లలు ఎక్కువ. పెద్దవయసువారూ లేకపోలేదు. స్వలింగ ప్రేమికులే కానవసరం లేదు. అన్న కోసం వచ్చిన చెల్లెలు ఉండవచ్చు, స్నేహితుడి కోసం వచ్చినవాడు ఉండవచ్చు. జీతం ఉండదు.

తర్ఫీదు సెలవు రోజు ఉదయాన మొదలవుతుంది. ముందు పాత సంభాషణల వీడియోలు చూపిస్తారు. ఇంటివారి అనుమతితో తీసినవి అవి. బాగా జరిగినవే కాదు, బెడిసికొట్టినవి కూడా వేస్తారు. కార్యకర్త ఎక్కడ తొందరపడ్డాడు, ఎక్కడ ఇంటావిడ మాటకు అడ్డం వచ్చాడు అన్నది అందరూ కలిసి పట్టుకుంటారు. తరువాత ఇద్దరిద్దరిగా విడిపోతారు. ఒకరు ఇంటి యజమాని, ఒకరు కార్యకర్త. యజమాని విసుక్కుంటాడు, మతగ్రంథం పేరు చెబుతాడు, తలుపు వేసేయబోతాడు. కార్యకర్త నెగ్గుకురావాలి. మళ్లీ పాత్రలు మార్చుకుంటారు. మన ఊళ్లో నాటకానికి నెల ముందు రిహార్సల్ వేసినట్లే ఉంటుంది.

మధ్యాహ్నానికి పేటల మీద పడతారు. చేతిలో ఓటర్ల జాబితా. కరపత్రం ఇచ్చి పోవడం ఉండదు. గడపలో నిలబడి పది నిమిషాలు, ఒక్కోసారి ఇరవై నిమిషాలు మాట్లాడటమే.

మాటకు ఒక వరుస ఉంది. ముందుగా ఇంటివారిని, ఈ విషయంలో మీరు సున్నా నుంచి పదిలోపు ఎక్కడున్నారని అడుగుతారు. సున్నా అంటే పూర్తి వ్యతిరేకం, పది అంటే పూర్తి అనుకూలం. ఎంత చెప్పినా మొహం మారకూడదు. ఎందుకని ఆ అంకె చెప్పారో అడిగి, వినాలి. వినడమంటే తన వంతు ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉండటం కాదని మొదటి గంటలోనే గట్టిగా చెబుతారు. మీకు తెలిసినవారిలో ఇలాంటివారు ఎవరైనా ఉన్నారా అన్నది తరువాతి ప్రశ్న. చాలా ఇళ్లలో మాట మలుపు తిరిగేది ఇక్కడే. మేనల్లుడో, పక్కింటి అమ్మాయో, ఫ్యాక్టరీలో తోటి కార్మికుడో, ఎవరో ఒకరు గుర్తుకు వస్తారు.

అప్పుడు కార్యకర్త తన కథ చెబుతాడు. పెద్ద ఉపన్యాసం కాదు. అమ్మకు సంగతి చెప్పిన రోజున ఏం జరిగిందో, బడిలో తోటి పిల్లలు ఏమని వెక్కిరించారో, రెండు మూడు నిమిషాల్లో. కల్పించి చెప్పడం నిషిద్ధం. ఆ తరువాత ఇంటివారిని అడుగుతారు: మిమ్మల్ని ఎవరైనా వేరుగా చూసిన రోజు, చిన్నచూపు చూసిన రోజు ఉందా? నల్లవాళ్లు, మెక్సికో నుంచి వచ్చినవాళ్లు నివసించే పేటల్లో ఈ ప్రశ్నకు జవాబు లేనివారు అరుదు. ఉద్యోగం ఇవ్వనివారు, దుకాణంలో వెంటబడి చూసినవారు, భాష రాదని నవ్వినవారు, అన్నీ బయటికి వస్తాయి. ఆ అవమానం గుర్తుండగానే, ఎదురుగా నిలబడ్డ కుర్రవాడి అవమానం కూడా అలాంటిదేనని ఆ మనిషికే తోస్తుంది. కార్యకర్త తోపించకూడదు. ఆ కాస్త ఓపికకే తర్ఫీదంతా.

అంకెలు, నివేదికలు, చట్టం సెక్షన్లు ఏకరువు పెట్టవద్దని కూడా చెబుతారు. వాదనలో గెలిచి ఓటు పోగొట్టుకున్న కుర్రవాళ్లను చాలామందిని చూశారు మరి. చదువుకున్న కుర్రవాడికి ఇది ఎంత కష్టమో గ్రంథాలయం అరుగు మీద చర్చలు చూసినవారికి తెలుస్తుంది.

వెళ్లేముందు మళ్లీ అదే అంకె అడుగుతారు. మూడు అన్నవారు ఆరు అనవచ్చు. మూడే అనవచ్చు. ఏది చెప్పినా కాగితం మీద రాసుకుని, నమస్కారం పెట్టి పక్క గడపకు పోతారు. సాయంత్రం తిరిగి కేంద్రంలో కూర్చుని, ఎవరింట్లో ఏం జరిగిందో చెప్పుకుంటారు.

చెప్పినంత తేలిక కాదు. తన బతుకే పాపమని ముక్కూ మొహం తెలియనివారు అంటుంటే, ఇరవై ఏళ్ల పిల్లవాడు ఆ గడపలో నిలబడి, అలా ఎందుకు అనిపిస్తోందండీ అని మర్యాదగా అడగాలి. అన్యాయానికి గురైనవారే ఓర్పు కూడా పట్టాలా అని అడిగితే జవాబు చెప్పడం కష్టం. కొందరు ఒక్క రోజుతో మానేశారు. వారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

పంతుళ్ల మీద వచ్చిన చట్టం

తలుపు తట్టడం వీరు కనిపెట్టిన విద్య కాదు. అదే కాలిఫోర్నియాలో 1978లో జాన్ బ్రిగ్స్ అనే రాష్ట్ర సెనేటరు 6వ నంబరు ప్రతిపాదన తెచ్చాడు. స్వలింగ ప్రేమికులు ప్రభుత్వ బడుల్లో పనిచేయరాదు. వారిని సమర్థించి మాట్లాడిన ఉపాధ్యాయుల ఉద్యోగానికీ ముప్పే. అంతకుముందు ఏడాది ఫ్లోరిడాలోని డేడ్ కౌంటీలో ఇలాంటి పోరులో సమానత్వం కోరినవారు రెండింతలకు పైగా ఓట్ల తేడాతో చిత్తుగా ఓడారు. ఇక్కడా మొదట్లో గాలి అటే ఉంది.

ఎదురు నిలిచినవారిలో ముఖ్యుడు హార్వే మిల్క్. సాన్ ఫ్రాన్సిస్కోలో కెమెరాల దుకాణం నడుపుకుంటూ, పలుమార్లు ఓడి, 1977లో నగర పాలక మండలికి ఎన్నికైనవాడు. తాను స్వలింగ ప్రేమికుడినని దాచుకోలేదు. ఆ దుకాణమే ప్రచార కార్యాలయం. ఆ ఎన్నికలో ప్రచారాన్ని నడిపిన ఆన్ క్రోనెన్‌బర్గ్ ఇరవైలలో ఉన్న అమ్మాయి. మిల్క్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరిన విద్యార్థి క్లీవ్ జోన్స్‌కు 1978లో 24 ఏళ్లు. ఎయిడ్స్‌తో చనిపోయినవారి పేర్లు కుట్టిన పెద్ద బొంత 1987లో వాషింగ్టన్‌లో పరిచినప్పుడు, ఆ ఆలోచన ఇతనిదే.

మిల్క్ కుర్రకారుకు చెప్పింది ఒక్కటే. ముందు మీ అమ్మానాన్నలకు చెప్పండి, తరువాత స్నేహితులకు, తరువాత ఇరుగుపొరుగుకు. ఎవరో తెలియనివారి మీద చట్టం తేవడం తేలిక, తెలిసినవారి మీద కష్టం అన్నది ఆయన లెక్క. నవంబరు 7న 58 శాతం మంది కాదని ఓటు వేసి ఆ ప్రతిపాదనను ఓడించారు. తరువాత అధ్యక్షుడైన రీగన్ సైతం దాన్ని వ్యతిరేకించడం విశేషం. సరిగ్గా 20 రోజులకు, నవంబరు 27న, మండలి మాజీ సభ్యుడొకడు మిల్క్‌నూ, మేయర్ జార్జి మాస్కోన్‌నూ నగర భవనంలోనే కాల్చి చంపాడు.

దొంగలెక్క, అసలు లెక్క

మాటలతో మనసు మారుతుందా, లేక మొహమాటానికి పెద్ద అంకె చెప్పి పంపేస్తారా? ల్యాబ్ వారికీ ఈ అనుమానం ఉంది. అందుకే విశ్వవిద్యాలయం వారిని పిలిచి పరీక్షించమన్నారు. 2014 డిసెంబరులో 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ఒక్క సంభాషణతో మారిన మనసు తొమ్మిది నెలలైనా నిలిచిందని అందులో ఉంది. అందరూ సంబరపడ్డారు.

ఆరు నెలలు తిరగకముందే గుట్టు రట్టయింది. డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా అనే ఇద్దరు యువ పరిశోధకులు తామూ అలాంటి అధ్యయనం చేయబోయి పాత లెక్కలు తిరగేశారు. పొంతన కుదరలేదు. వ్యాసం రాసిన విద్యార్థి చెప్పిన సర్వే జరిగిన దాఖలా లేదు. 2015 మేలో పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. కుర్రవాళ్లు ఎండలో తిరిగింది నిజం, తలుపులు తట్టింది నిజం, లెక్క మాత్రం దొంగలెక్క. ఏళ్ల కష్టం నవ్వులపాలైంది.

ఆ మోసం బయటపెట్టిన ఇద్దరే అసలు పరీక్ష పూర్తిచేశారు. ఫ్లోరిడాలో, మిల్క్ కాలంలో ఓడిన ఆ డేడ్ కౌంటీలోనే. ట్రాన్స్‌జెండర్లకు ఉద్యోగాల్లో, అద్దె ఇళ్ల విషయంలో వివక్ష చూపరాదని 2014 డిసెంబరులో మయామి-డేడ్ కౌంటీ ఒక శాసనం చేసింది. దాన్ని రద్దు చేయించడానికి ఓటు పెడతారేమోనని అక్కడివారికి భయం. లాస్ ఏంజెలెస్ ల్యాబ్ వారు వెళ్లి స్థానికులకు తర్ఫీదు ఇచ్చారు. 2015లో 56 మంది కార్యకర్తలు 501 మంది ఓటర్లతో మాట్లాడారు. చీటీలు వేసినట్లుగా ఓటర్లను రెండుగా విడదీశారు. సగంమందితో ట్రాన్స్‌జెండర్ల గురించి పది నిమిషాలు మాట్లాడితే, మిగతా సగంమందితో చెత్తను వేరు చేయడం గురించి మాట్లాడారు. తరువాత మూడు రోజులకు, మూడు వారాలకు, ఆరు వారాలకు, మూడు నెలలకు వేరే సర్వే అన్నట్లుగా అభిప్రాయాలు సేకరించారు.

సుమారు పదిమందిలో ఒకరి మనసు మారింది. మూడు నెలలైనా ఆ మార్పు చెక్కుచెదరలేదు. ఎదుటి పక్షం వాదన వినిపించాక కూడా శాసనానికి మద్దతు నిలిచింది. తలుపు తట్టింది ట్రాన్స్‌జెండరైనా కాకపోయినా ఫలితం వచ్చింది. 2016 ఏప్రిల్‌లో ఇది కూడా 'సైన్స్' పత్రికలోనే వెలువడింది.

పదిలో ఒకటి అంటే చిన్న సంగతే అనిపిస్తుంది. పంచాయతీ ఎన్నికల్లో ఆరు ఓట్లతో ఓడిన సర్పంచి అభ్యర్థిని అడిగితే దాని విలువ చెబుతాడు.

అమ్మమ్మకు ఫోను

2012 నవంబరులో మిన్నెసోటా రాష్ట్రంలోనూ పెళ్లి మీద ఓటు వచ్చింది. అప్పటికి ముప్పై దాకా రాష్ట్రాల్లో ఇలాంటి నిషేధాలు ఓటర్ల చేతే ఆమోదం పొంది ఉన్నాయి. అక్కడి కార్యకర్తలకు ఇచ్చిన పాఠం మరో రకం. హక్కులు, హక్కులు అని మాట్లాడవద్దు. మీరెందుకు పెళ్లి చేసుకున్నారని ఇంటివారిని అడగండి. ప్రేమకోసం, తోడుకోసం, మాట ఇచ్చినందుకు అంటారు. వీళ్లూ అందుకే అడుగుతున్నారని చెప్పండి. ఆ రాష్ట్రంలో మరో చిత్రం ఉంది. రాజ్యాంగ సవరణ మీద ఓటు వేయకుండా ఖాళీగా వదిలితే అది కాదు అన్నట్లే లెక్క. ఎటూ తేల్చుకోలేనివారికి ఆ సంగతి చెప్పడం కూడా తర్ఫీదులో భాగమైంది. నిషేధం ఓడిపోయింది.

ఐర్లండు దేశం మన వ్యవహారం లాంటిది. మతం, కుటుంబం, పెద్దల మాట, ఊరి పరువు. 1993 దాకా అక్కడ స్వలింగ సంపర్కం నేరం. 2015 మే 22న స్వలింగ వివాహం మీద దేశమంతా ఓటు వేసింది. విద్యార్థి సంఘాలు ముందు ఓటర్ల జాబితా మీద పడ్డాయి. గడువులోగా అనుబంధ జాబితాలో సుమారు 66 వేల మంది చేరారు. నేను ఔను అని వేస్తున్నా, ఎందుకో అడగండి అని రాసిన బిళ్లలు చొక్కాలకు తగిలించుకున్నారు. అడిగినవారికే జవాబు చెప్పాలి, మీదపడి చెప్పకూడదు. విద్యార్థులు తీసిన చిన్న చిత్రమొకటి, మీ అమ్మమ్మకు ఫోను చేసి ఓటు అడగండి అని కోరింది. తెలియనివారి గడపకన్నా సొంత అమ్మమ్మకు చెప్పడమే చాలామందికి గండమైంది. 62 శాతం మంది ఔనన్నారు.

అప్పటి ఆరోగ్యమంత్రి లియో వరాద్కర్ ఆ ఏడాది జనవరిలో తాను స్వలింగ ప్రేమికుడినని రేడియోలో చెప్పాడు. 2017లో ప్రధాని అయ్యాడు. ఆయన తండ్రిది మహారాష్ట్రలోని సింధుదుర్గ్ జిల్లా వరద్ గ్రామం. 2019 డిసెంబరులో ఆయన అక్కడికి వస్తే ఊరంతా కదిలి వచ్చింది.

అన్నిచోట్లా గెలుపే అనుకుంటే పొరపాటు. 2015 నవంబరులో హూస్టన్ నగరంలో వివక్షను నిషేధించే శాసనం 61 శాతం వ్యతిరేక ఓట్లతో పోయింది. ఆడవారి మరుగుదొడ్లలోకి మగవారు వస్తారన్న ఒక్క ప్రచారం చాలింది. 2008 నాటి బడిపిల్ల ప్రకటన లాంటిదే. భయం పుట్టించడానికి అర నిమిషం చాలు, పోగొట్టడానికి పది నిమిషాలు గడపలో నిలబడాలి.

మన దగ్గర ఇలా చట్టాల మీద నేరుగా ఓటు వేసే పద్ధతి లేదు కనుక పోరు కోర్టుల్లో సాగింది. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను ప్రత్యేక వర్గంగా గుర్తించింది. 2018 సెప్టెంబరు 6న 377 సెక్షను కింద స్వలింగ సంపర్కం నేరం కాదంది. 2023 అక్టోబరులో పెళ్లి హక్కు మాత్రం చట్టసభలు తేల్చాలంది. నిజాం కాలపు హిజ్రాల చట్టం 1919 నాటిది. దాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. ఓటు అడిగినవారూ ఉన్నారు. మధ్యప్రదేశ్‌లోని సోహాగ్‌పూర్ నుంచి షబ్నం మౌసీ శాసనసభకు గెలిచారు. 2018లో హైదరాబాదు గోషామహల్‌లో చంద్రముఖి అనే ట్రాన్స్‌జెండర్ మహిళ బహుజన లెఫ్ట్ ఫ్రంట్ తరఫున నిలబడ్డారు.

ఇక కాలిఫోర్నియా సంగతి. 8వ ప్రతిపాదనను కోర్టులు పక్కనపెట్టడంతో 2013 జూన్‌లో అక్కడ పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాయి. 2015 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు దేశమంతటికీ ఆ హక్కు వర్తింపజేసింది. అయినా పాత వాక్యం రాష్ట్ర రాజ్యాంగంలో అచ్చులో అలాగే ఉండిపోయింది. దాన్ని తీసేయాలంటే మళ్లీ ఓటర్లనే అడగాలి. 2024 నవంబరు 5న అడిగారు. 16 ఏళ్ల కిందట 52 శాతంతో చేర్చిన ఆ వాక్యాన్ని 62 శాతానికి పైగా ఓటర్లు కొట్టివేశారు.